ఆపినను ఆరని దీపము

క్రొత్తగా ఎల్.ఇ.డి. దీపములు బిగించిన యిండ్లలో, స్విచ్చి ఆపిన పిదపను దీపము మసకగా వెలుగుచుండుట కొందఱు చూచియుందురు. బల్బు చెడినదని తలంపకుడు. స్విచ్చిలోని చిన్న సూచికదీపము దీనికి కారణము కావచ్చును. లేదా, ఫేజు తీగకు మాఱుగా న్యూట్రలు తీగను స్విచ్చికి కలిపియుండవచ్చును. పాత బల్బునకు చాలని స్వల్పవిద్యుత్తే ఎల్.ఇ.డి.ని వెలిగించును గనుక, దాగియున్న దోష మిపుడు బయటపడును. అట్టి యింట స్విచ్చి ఆపినను, 230 వోల్టుల విద్యుత్తు హోల్డరునందు నివురుగప్పిన నిప్పువలె నుండును. బల్బు మార్చు చేయి దానిని తాకిన ప్రాణాపాయమే. కావున మెయిన్ స్విచ్చి ఆపక హోల్డరును ముట్టకుడు. లైసెన్సు గల పనివానిచే పరీక్షింపజేసి, స్విచ్చిని ఫేజు తీగకు మార్పింపుడు. ఆ మసక వెలుగును హెచ్చరికగా నెంచుటయే గృహిణికి క్షేమము.