మెషీన్‌కు కొటేషన్లు సరే, మనిషి మాటేమిటి?

విశాఖ సీతమ్మధారలో పరగడుపున రక్తం ఇచ్చి వెళ్లినవారికి సాయంత్రానికల్లా ఫోన్‌లో రిపోర్టు వచ్చేస్తోంది. బార్‌కోడ్ అంటించిన ట్యూబు ఎనలైజర్‌లోకి వెళ్తుంది, అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. అంతా ఆటోమేటిక్కే. అందుకే కాబోలు, మెషీన్‌కు నాలుగు కొటేషన్లు తెప్పించే యాజమాన్యాలు కూడా దాన్ని నడిపేవారిని చాలాచోట్ల సర్టిఫికెట్, అడిగిన జీతం చూసి తీసేసుకుంటున్నాయి. ఇది ప్రమాదకరమైన పొదుపు.

ఊదారంగు మూత ట్యూబునే తీసుకుందాం. అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ పొటాషియం లవణం ఉంటుంది. ఆ రక్తం కాస్త బయోకెమిస్ట్రీ ట్యూబులోకి వంపితే చాలు, పొటాషియం అమాంతం పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది. ఎనలైజర్ తన ముందున్నదాన్ని సరిగ్గానే కొలుస్తుంది. ఆ రోజు నాణ్యతా పరీక్ష (క్యూసీ)లోనూ తేడా ఉండదు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూడగానే అనుమానించి, రిపోర్టు ఆపి, మళ్లీ శాంపిల్ అడిగేది బెంచి మీద చేయి తిరిగిన టెక్నీషియనే. ఇటలీలోని పాదువాలో ప్లెబానీ, కరారో 1997లో ప్రచురించిన అధ్యయనంలో ల్యాబ్ పొరపాట్లలో దాదాపు 68 శాతం ఇలా పరీక్ష మొదలవకముందే జరిగినవని తేలింది.

కోవిడ్ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ విరివిగా వాడిన ట్రూనాట్ బ్యాటరీతో నడిచే చిన్న పరీక్షా యంత్రం. అందులోనూ 6 మైక్రోలీటర్ల ద్రవాన్ని పిపెట్‌తో తీసి చిప్ మీద వేయాల్సింది మనిషి చెయ్యే.

జపాన్‌లో 1980ల తొలినాళ్లలో శాంపిళ్లను కన్వేయర్ బెల్టు మీద నడిపించి చూపిన మసహిదే ససాకి కోచి మెడికల్ స్కూల్ ల్యాబ్‌ను నడిపిన వైద్యుడు. ల్యాబ్ పని తెలిసిన మనిషి మొదటినుంచీ ఉండాలనడానికి ఇంతకన్నా ఏం కావాలి? కొనుగోలు ఆర్డరు మీద సంతకం పడకముందే సీనియర్ టెక్నీషియన్‌ను, బయోమెడికల్ ఇంజనీర్‌ను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ పేర్లు అడిగే బదులు ఎర్రబారిన సీరం చేతికిచ్చి ఏం చేస్తావని అడగాలి. రక్తకణాలు పగిలితే అంకె తప్పుగా పెరుగుతుంది కాబట్టి పొటాషియం రిపోర్టు ఇవ్వనన్నవారిని వదులుకోకూడదు.

విశాఖకు ఈ విషయంలో మంచి వసతి ఉంది. వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ స్టీల్‌ప్లాంటు వైపు ఉంది. రోజంతా శాంపిళ్లు వచ్చిపడే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నగరం నడిబొడ్డున ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా (డీఎంఎల్‌టీ) విద్యార్థులకు రెండుచోట్లా కొన్ని వారాల చొప్పున పని నేర్పించవచ్చు. ఆ పిల్లలకు స్టైఫండ్ ఇచ్చే బాధ్యత సీతమ్మధారలోని పెద్ద ల్యాబులు తీసుకోవాలి. మెషీన్ల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే అది పెద్ద మొత్తమేమీ కాదు.