ఒకే నక్షత్రం... రెండు కాలాలు!

మృగశిర కార్తె అనగానే చేపల కూర గుర్తొస్తుంది. ఏటా జూన్ 7నో 8నో అది మొదలయ్యే రోజున చేపల మార్కెట్లు కిటకిటలాడిపోతాయి. అదే మార్గశిర మాసం అంటే చలి, ముగ్గులు, లక్ష్మీవారం పూజలు. రెండు పేర్లూ పుట్టింది మృగశిర నక్షత్రం నుంచే. మరి ఒకటి తొలకరిలో, ఇంకోటి చలికాలంలో ఎందుకొస్తున్నట్టు?

కార్తె లెక్క సూర్యుడిది. ఆయన ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ కార్తె. ఏడాదిలో 27 నక్షత్రాలనూ చుట్టి రావాలి కాబట్టి ఒక్కో కార్తె 13 లేదా 14 రోజులు. నెల లెక్క చంద్రుడిది. పౌర్ణమినాడు చందమామ కాస్త అటూ ఇటూగా ఏ నక్షత్రం దగ్గరుంటే ఆ నెలకు ఆ పేరు. చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, కృత్తిక దగ్గరైతే కార్తికం.

పౌర్ణమినాడు సూర్యుడు పడమట అస్తమిస్తుంటే చంద్రుడు తూర్పున ఉదయిస్తాడు. అంటే ఇద్దరూ ఎదురెదురు. అందుకే జూన్‌లో సూర్యుడి పక్కనుండి, ఆ వెలుగులో కనిపించకుండా పోయిన మృగశిర, ఆర్నెల్లు తిరిగేసరికి రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది. రోళ్లు పగిలే ఎండలకు పేరుపడ్డ రోహిణి కూడా అంతే. పాపం, ఎండ సూర్యుడిదే, రోహిణిది పేరు మాత్రమే!

వీటన్నిటినీ చూడాలంటే డిసెంబరు మధ్యలో, వెన్నెల లేని రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి తూర్పుకు తిరిగి నిలబడండి. బాగా పైన చిన్న చుక్కల గుంపు కనిపిస్తుంది. అవే కృత్తికలు. మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు. మామూలు కంటికి ఆరు చుక్కలు అందుతాయి. అవి సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. అంటే ఈ రాత్రి మీ కంటిని చేరే ఆ వెలుగు, 1591లో చార్మినార్ కట్టిన రోజులకు కాస్త అటూ ఇటూగా బయల్దేరిందన్నమాట!

దాని కిందే ఎర్రగా రోహిణి. ఇంకా కింద, కొంచెం కుడిపక్కకు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మూడు చుక్కలు. వాటికి ఎడమవైపున్న ఎర్రచుక్క ఆర్ద్ర. ఆర్ద్రకు కాస్త పైన మసకమసగ్గా ఉన్న చిన్న చుక్కల ముచ్చటే మృగశిర. ఈశాన్యంలో అప్పుడే పైకొస్తున్న జంట చుక్కలు పునర్వసు.

ఆ జంట వైపు నుంచే ఏటా డిసెంబరు 13, 14 తేదీల రాత్రి ఉల్కలు రాలుతున్నట్టు కనిపిస్తాయి. ఇవే జెమినిడ్స్. ఉల్కాపాతాలకు చాలావరకు తోకచుక్కలు కారణమైతే, దీనికి మాత్రం 1983లో కనుగొన్న ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి కారణం. మంచి చీకటి ఉన్నచోట గంటకు వంద దాకా లెక్కపెట్టొచ్చు. ఆగస్టులో వచ్చే పెర్సీడ్స్‌ను మనకు చాలాసార్లు వానమబ్బులు మింగేస్తాయి. జెమినిడ్స్‌కు ఆ బెడద తక్కువ. అర్ధరాత్రి దాటాక ఇంకా బాగుంటాయి.

వీటికి టెలిస్కోపు అక్కర్లేదు. డాబా మీది బల్బు ఆర్పేసి, సెల్‌ఫోన్ పక్కన పెట్టి, ఓ ఇరవై నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనిస్తే చాలు. అసలు చిక్కల్లా ఆ చీకటి దొరక్కపోవడమే. పట్నాల సంగతి సరే, పల్లెల్లోనూ ఇప్పుడు వీధి దీపాలు ధగధగలాడుతున్నాయి. క్యాలెండర్లో మృగశిర ఉంటుంది, ఆకాశంలో మాత్రం మన పిల్లలకు కనిపించదు. పేరు మిగిలి చుక్క పోతే అది వట్టి అక్షరాలే కదా!

ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే పిల్లలకోడి ఎక్కడుంటుందో అడగండి. చుక్కల్ని చూసి రాత్రి ఎంత పొద్దుపోయిందో చెప్పిన తరం వాళ్లది. ఈ చలికాలం వాళ్లు వేలు పెట్టి చూపిస్తుంటే, మీ పిల్లల్ని పక్కన నిలబెట్టండి. స్వెట్టర్లు మాత్రం మరిచిపోకండేం!