పగకు ముందు పలికిన మాట

దాంపత్యమందలి పగను చేదు వ్యంగ్యముతో చెప్పు కథలు పాఠకుని ముందు నవ్వించి, పిదప తత్తరపరచును. రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన దీని కారణము తెలియును.

1910లో వెలువడిన గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’లో, సానిపాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని కానరాదు, పుట్టింటికి పోవుచున్నానన్న ఉత్తరము మాత్రము దొరకును. అతడు పశ్చాత్తాపముతో కుములుచుండగా, ఆమె మంచము క్రిందనే దాగియుండును. 1953లో వచ్చిన రోల్డ్ డాల్ ఆంగ్లకథ ‘లాంబ్ టు ది స్లాటర్’లో, విడిచిపోవుదునన్న పోలీసు భర్తను గర్భవతియైన భార్య గడ్డకట్టిన గొర్రెతొడతో కొట్టి చంపును. దానిని వండిపెట్టగా, దర్యాప్తునకు వచ్చిన పోలీసులే ఆ సాక్ష్యమును తినివేయుదురు.

ఒక పగ భర్తను దిద్దినది, మరొకటి చంపినది. మొదటిదానిలో మరలివచ్చుటకు తలుపు తెరచియున్నది. రెండవదానిలో భర్తయే తలుపు మూసినాడు. కాని రెండింట స్త్రీ మాటతో గాక ఉపాయముతోనే గెలిచినది. ఆమె మొర వినువాడు కథలో ఎవడును లేడు.

2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస నిరోధక చట్టము, రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటును చేరు దారిని స్త్రీకి చూపినది. అయినను మొర ముందు ఎవరో ఒకరి చెవిని పడవలెను. ఆదిలాబాదు జిల్లాలో, పెద్ద రహదారిపైనున్న ఇచ్చోడ వంటి చోట ఆ చెవి తరచుగా ఉపాధ్యాయునిది, సహాధ్యాయునిది కాగలదు. కనుక ఈ కథలు బోధించునపుడు ‘తప్పెవరిది?’ అని మాత్రమే గాక, ‘ఈమె మాట ఎవరు వినవలసియుండెను?’ అనియు విద్యార్థులను అడుగుట మేలు.