వడ్డీ ఒక సాకు మాత్రమే

యూదుల మాట వస్తే చాలు, చదువుకున్నవాళ్లు కూడా అలవోకగా అనేస్తారు: "నిప్పు లేనిదే పొగ రాదు. వడ్డీలతో జనాన్ని పీల్చి పిప్పి చేయబట్టే వాళ్లమీద అంత ద్వేషం పుట్టింది." ఇది చంపినవాడి నేరాన్ని చచ్చినవాడి నెత్తిన రుద్దే వాదన. చరిత్ర దీనికి ఎక్కడా వత్తాసు పలకదు.

1096లో క్రైస్తవుల మతయుద్ధమైన మొదటి క్రూసేడ్‌కు బయల్దేరిన మూకలు రైన్ నది తీరాన వర్మ్స్, మైన్జ్ పట్టణాల్లో యూదులను ఊచకోత కోశాయి. ప్రాణాలు దక్కాలంటే వాళ్లు ఒప్పుకోవలసింది బాకీల మాఫీకి కాదు, బాప్టిజానికి. క్రీస్తును చంపినవాళ్లన్నదే వాళ్లపై మోపిన నేరం. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో ఒక పిల్లవాడి శవం దొరికింది. యూదులే సిలువ వేసి చంపారని ఆ తర్వాత ఒక సన్యాసి ఏకంగా పుస్తకం రాశాడు. ఇందులో వడ్డీ ఎక్కడుంది?

సరే, వడ్డీ సంగతే చూద్దాం. వడ్డీ తీసుకోవడం క్రైస్తవులకు పాపమన్నది చర్చి. యూదులను వృత్తిసంఘాల్లోకి రానివ్వలేదు. వాళ్లకు మిగిలిన కొద్ది దారుల్లో వడ్డీ ఒకటి. దానిలో వాళ్లు సంపాదించినదాన్ని రాజులు పన్నుల పేరుతో పిండుకున్నారు. 1186లో ఇంగ్లండులోని లింకన్‌కు చెందిన యూదు వడ్డీవ్యాపారి ఆరన్ చనిపోగానే అతని ఆస్తినీ, అతనికి రావలసిన బాకీలనూ రాజు రెండో హెన్రీ స్వాధీనం చేసుకున్నాడు. జనం తిట్టుకున్నది యూదుణ్ణి, లాభపడింది రాజు.

1190 మార్చిలో ఇంగ్లండులోని యార్క్‌లో సుమారు 150 మంది యూదులు మూక దాడికి భయపడి కోట బురుజులో తలదాచుకున్నారు. మూక చేతికి చిక్కకూడదని చాలామంది తమవాళ్లను తామే చంపుకుని ప్రాణాలు తీసుకున్నారు. మతం మారతామంటూ బయటికొచ్చినవాళ్లను అక్కడే నరికేశారు. తర్వాత ఆ మూక పెద్ద చర్చికి వెళ్లి, అక్కడ దాచిన అప్పుపత్రాలను గుంజుకుని చర్చిలోనే తగలబెట్టింది. ముందు నిలిచినవాళ్లలో యూదులకు బాకీపడ్డ పెద్దమనుషులున్నారు. బాకీ ఎగ్గొట్టాలన్న దుర్బుద్ధి వాళ్లది. దానికి పుణ్యకార్యమన్న ముసుగు తొడిగింది మాత్రం అప్పటికే పాతుకుపోయిన మతద్వేషం.

వడ్డీయే కారణమైతే వడ్డీ ఆగాక ద్వేషం చల్లారాలి. 1275లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ యూదుల వడ్డీ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాడు. ఏడేళ్లు దాటిన ప్రతి యూదుడూ బట్టలమీద పసుపు గుర్తు కుట్టుకోవాలని శాసించిందీ ఆ చట్టమే. 1290లో అందరినీ దేశం నుంచే వెళ్లగొట్టాడు. మళ్లీ 1656 దాకా వాళ్లు అక్కడ బహిరంగంగా బతికే వీల్లేకపోయింది. అయినా 1590లలో షేక్‌స్పియర్ నాటకం చూసిన లండన్ జనానికి అందులోని యూదు వడ్డీవ్యాపారి షైలాక్ ఎవరో చెప్పనక్కర్లేకపోయింది. యూదుడికి ఎన్నడూ బాకీపడని తరాలకు ఆ ద్వేషం పెద్దల నోటి నుంచీ, చర్చి వేదిక నుంచీ సంక్రమించింది.

పుట్టుకను బట్టి పని అంటగట్టి, ఆ పనినే సాకుగా చూపి మనిషిని హీనపరచడం మన ఊళ్లకు తెలియని అన్యాయమేమీ కాదు. అది తెలిసిన మనం యూదుల విషయంలో మాత్రం పీడకుడి సాకును చరిత్రగా చెప్పుకోవడం సిగ్గుచేటు. ఆ మాట ఇకనైనా మానుకోవాలి.