ఇల్లు చేరినవారు చెప్పవలసిన మాట

విదేశయానం చేసి వచ్చినవారిని ఊరు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఏమి తెచ్చారన్నది మొదటిది. మావాడికి అక్కడ ఏదైనా పని దొరుకుతుందా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు పెట్టె విప్పి సమాధానం చెబుతాము. రెండవదానికి మాత్రం చాలామందిమి సగం మాట చెప్పి ఊరుకుంటాము. ఆ మిగిలిన సగాన్ని గురించి విద్యార్థి మిత్రులతోను, కళాశాల పాలకవర్గం వారితోను ముచ్చటించడమే ఈ వ్యాసోద్దేశం.

మేము కుటుంబ సమేతంగా జిద్దాలో ఉద్యోగం చేస్తున్న భాయీజాన్ వద్ద ఐదు మాసాలు గడిపి, ఉమ్రా చేసుకొని, సంక్రాంతి రోజులలో అమృతలూరు చేరాము. వరినాట్లు ముగిసే వేళ బయలుదేరిన మాకు, తెనాలిలో రైలు దిగి ఊరివైపు వస్తుంటే, కోతలు పూర్తయిన మళ్లలో మినుము పచ్చగా పరచుకొని కనిపించింది. కాలువ మీది గాలి ముఖాన తగలగానే అమ్మీ కన్నీరు పెట్టుకున్నది. ఉర్దూలో 'వతన్' అనే పదానికి స్వదేశమనీ, పుట్టిన ఊరనీ రెండర్థాలున్నాయి. ఆనాడు ఆ రెండర్థాలూ మాకు ఒక్కటిగానే తోచాయి.

అయితే మేము వెళ్లినప్పుడు నలుగురం, వచ్చినప్పుడు ఏడుగురం. భాభీ, ఇద్దరు పిల్లలు కూడా మాతో వచ్చేశారు. "కోడలు కూడా వచ్చిందేమమ్మా?" అని ఇరుగుపొరుగువారు అడిగితే, "పిల్లల చదువుల కోసమండి" అని చెప్పాము. అది అబద్ధం కాదు గాని, నిజం కూడా కాదు. సౌదీ అరేబియా ప్రభుత్వం 2017 జూలై నుండి విదేశీ ఉద్యోగులపై ఆధారపడిన ప్రతి కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ల రుసుము విధించింది. ఏటేటా మరో 100 చొప్పున పెంచగా 2020 నాటికి అది 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవారికి సంవత్సరానికి 14,400 రియాళ్లు. ఇఖామా పునరుద్ధరణ నాడు ఆ మొత్తం కట్టలేక ఎన్ని కుటుంబాలు భర్తను అక్కడ విడిచి ఇల్లు చేరాయో! మాదీ వాటిలో ఒకటి. ఈ మాట పొరుగువారికి చెప్పడానికి మాకు నామోషీ అడ్డు వచ్చింది.

ఆ నామోషీ ఖరీదు పది రోజులకే తెలిసివచ్చింది. మేము పంచిన ఖర్జూరాలు, అత్తరు సీసాలు చూసిన ఒక పొరుగు రైతు, ఇంటర్మీడియట్ తప్పిన తన కుమారుని పంపడానికి అర ఎకరం బేరం పెట్టాడు. ఏజెంటు చూపిన కాగితం తెచ్చి అబ్బాజాన్ చేతికిచ్చాడు. అది పని వీసా కాదు, సందర్శకుల వీసా. దానితో వెళ్లి పనిచేస్తే పట్టుబడినవాడే నేరస్థుడవుతాడు. అప్పుడు అబ్బాజాన్ ఆయనను కూర్చోబెట్టి, ఒక్కొక్క గదిలో ఎందరు పడుకుంటారో, జీతం ఎన్నాళ్లకు చేతికి వస్తుందో, మండుటెండలో పని అంటే ఏమిటో, మా కోడలు ఎందుకు వచ్చిందో అంతా చెప్పారు. ఆ రైతు లేచి, "మీరు బాగుపడి మమ్మల్ని వద్దంటారా సాయిబుగారూ?" అని వెళ్లిపోయాడు. పెట్టె విప్పిన రోజునే ఈ మాట చెప్పి ఉంటే ఆయన నమ్మేవాడు. ఆలస్యంగా చెప్పిన నిజం అసూయలాగా వినిపిస్తుంది.

విదేశాలకు వెళ్లరాదని మా అభిప్రాయం కాదు. భాయీజాన్ పంపిన డబ్బుతోనే మా ఇంటికి స్లాబు పడింది. మా కళాశాల ఫీజులు కట్టుకున్నాము. తెలుగువారు సముద్రం దాటడమూ కొత్త కాదు. రంగూనులో బతికిన మనవారు 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన తరువాత కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మరొకసారి వచ్చారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పేరు నేటికీ దానికి సాక్ష్యం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాలలో తీసుకురావలసి వచ్చింది. వెళ్లడం ఎంత సహజమో, ఒకనాడు తిరిగి రావడం కూడా అంత సహజం. తిరిగి రావడాన్ని ఓటమిగా చూసే అలవాటే మనచేత సగం మాటలు చెప్పిస్తున్నది.

కనుక వెళ్లదలచినవారికి తెలియవలసినవి తెలియాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతడు తీసుకోదగిన సేవా రుసుము, పన్ను కాక, 30,000 రూపాయలకు మించరాదు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. వారికి 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉన్నది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు మాత్రమే. అర ఎకరం అమ్ముకొనేవానికి ఈ 275 రూపాయల సంగతి చెప్పేవారు లేకపోవడం చదువుకున్న మనందరికీ సిగ్గుచేటు.

పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. సంవత్సరానికి ఒకనాడు, విదేశాల నుండి తిరిగి వచ్చినవారిని కళాశాలకు పిలిచి, వారి అనుభవాలను ఉర్దూలోను, తెలుగులోను చెప్పించండి. సన్మానాలు, శాలువాలు వద్దు. ప్రశ్నలు అడిగే అవకాశం చాలు. విద్యార్థి మిత్రులారా! మీ వంతు పని మరొకటి ఉన్నది. మా అన్నగారి అబ్బాయి తెనాలి బస్టాండులో నిలబడి, "బోర్డు మీద మన ఊరి పేరు ఏది?" అని అడిగాడు. ఎనిమిదేళ్ల ఆ బాలునికి తెలుగు అక్షరాలు రావు. అటువంటి పిల్లలకు సాయంత్రం ఒక గంట అక్షరాలు దిద్దించండి.

మా ఇంట మేము ఆ పని ప్రారంభించాము. మొన్న వాడు పలక మీద 'అమృతలూరు' అని రాశాడు. 'మృ' మాత్రం ఇంకా సరిగా కుదరలేదు.