నల్లమల నడక: కొత్తవారికి రెండోనాడే పరీక్ష

ఆత్మకూరు: శివరాత్రి, ఉగాది దగ్గర పడ్డాయంటే నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుంచి శ్రీశైలానికి అడవిదారిన నడిచే భక్తుల సందడి మొదలవుతుంది. ఉగాదికి వచ్చే కన్నడ భక్తులకు ఈ దారి కొత్త కాదు. భ్రమరాంబను ఆడపడుచుగా భావించి ఏటా నడిచేవారు వారిలో ఎందరో ఉన్నారు. చిక్కల్లా పట్టణాల నుంచి ఉత్సాహం కొద్దీ మొదటిసారి బయలుదేరే బృందాలతోనే.

నాగలూటి దాటి పెచ్చెరువులో రాత్రి బస చేయడం ఆనవాయితీ. కొత్తవారు ఎండ ముదిరాక బయలుదేరి, నాగలూటికే నీళ్లు ఖాళీ చేసుకుని, చీకటి పడ్డాక గాని పెచ్చెరువు చేరరు. అసలు కష్టం మర్నాడున్నది. భీముని కొలను లోయలోకి దిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. అక్కడి నుంచి కైలాసద్వారం దాకా నిట్టనిలువు ఎక్కుడు. శ్రీశైలానికి 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడు గాని, మెట్లున్నంత మాత్రాన ఆయాసం తప్పదు.

కనుక బృందంలో అందరికన్న నెమ్మదిగా నడిచేవారిని బట్టే మజిలీల వేళ నిర్ణయించుకోవాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారిని ఆత్మకూరులోనే బస్సెక్కించి దోర్నాల మీదుగా పంపడం మేలు. పెచ్చెరువు దాటాక ముందుకైనా వెనక్కైనా నడకే గతి. పైగా ఇది పులుల అభయారణ్యం. చీకట్లో ఒకరిద్దరు వెనకబడడం క్షేమం కాదు.

దారిలో మంచినీటి ఏర్పాట్లు పండుగ రోజులకే పరిమితం. రద్దీ తప్పించుకోవాలని ముందుగా బయలుదేరేవారు నీళ్లు మోసుకోక తప్పదు.