పొంగనాల పెనం, పాత చీర, మా మిరియం

"పంపించేద్దాం. మా ఫ్రెండ్‌కి శంకర్‌పల్లి దగ్గర తోట ఉంది. అక్కడ హాయిగా తిరుగుతుంది" అన్నారు మావారు, హాల్లో నేల మీద కూర్చుని స్పాంజి ముక్కలు ఏరుతూ. ఆ స్పాంజి మా సోఫా లోపలిది. దాన్ని బయటకు లాగిన మహాతల్లి మాత్రం డైనింగ్ టేబుల్ కింద దూరి, చెవులు వెనక్కి వాల్చి, తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని ఉంది.

దాని పేరు మిరియం. నల్లగా, చిన్నగా, ఘాటుగా ఉందని మా పాప పెట్టిన పేరు. రెండేళ్ల క్రితం వానాకాలంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికిన వీధి కుక్కపిల్ల. అప్పుడు అరచేతిలో పట్టేది. ఇప్పుడు పద్దెనిమిది కిలోలు. ఆ సోఫాకి ముందు రెండు జతల చెప్పులు, టీవీ రిమోటు, అత్తయ్యగారి కళ్లజోడు డబ్బా, తలుపు మూలన చెక్క... ఇలా ఒక్కోటీ దాని పళ్లకి బలైపోతూ వచ్చాయి. పైగా మధ్యాహ్నం పూట బాల్కనీలో నిలబడి అదే పనిగా మొరుగుడు. కింది ఫ్లాట్ ఆవిడ నైట్ షిఫ్టు చేసి పగలు పడుకుంటారు. ఆవిడ అప్పటికే రెండుసార్లు పైకొచ్చి, మొదటిసారి మర్యాదగా, రెండోసారి మర్యాద కొంచెం తగ్గించి చెప్పి వెళ్లారు.

నాకూ కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంతమందికి వండిపెట్టి, గిన్నెలు సర్ది, కాస్త నడుం వాలుద్దామనుకునే సమయానికే ఇది మొదలుపెడుతుంది. "దీనికేం తక్కువ చేశాం? తిండి పెడుతున్నాం, ఫ్యాను కింద పడుకుంటుంది, రెండు పూటలా కిందికి తీసుకెళ్తున్నాం. ఇంకేం కావాలి దీనికి?" అని అరిచాను.

అరిచాక ఆ మాట నాకే ఎక్కడో తగిలింది. ఎందుకంటే అదే మాట నేను చాలాసార్లు విన్నాను. "నీకేం తక్కువ? ఇంట్లోనేగా ఉంటావు." ఇంటి పట్టున ఉండే ఆడవాళ్లెవరైనా ఈ మాట వినకుండా ఉండరు. తిండికీ నీడకీ లోటు లేకపోయినా మనిషికి ఇంకేదో కావాలని నాకు తెలుసు. మరి కుక్కకి అక్కర్లేదని ఎలా అనుకున్నాను?

"ఒక్క నెల టైం ఇవ్వండి" అన్నాను మావారితో.

మా పుట్టింట్లో కుక్క ఉండేది. దానికి ఎవరూ బొమ్మ కొనలేదు. బెల్టు కూడా లేదు. కానీ దానికి పొద్దున్న లేచింది మొదలు పనే. నాన్నతో పొలానికి వెళ్లడం, కోతుల్ని తరమడం, గేదెల వెనక నడవడం, ఊళ్లోకి కొత్తగా ఎవరొచ్చినా వాసన చూసి లెక్క రాసుకోవడం. రాత్రికి అలిసిపోయి అరుగు మీద పడుకునేది. అది దేన్నైనా చింపిందని నాకు గుర్తు లేదు. ఆ జాతినే తెచ్చి మూడో అంతస్తులో పెట్టి, తలుపేసి, గిన్నెలో తిండి పోసి, "కదలకుండా కూర్చో" అంటున్నాం. దాని తిండి గిన్నె ఖాళీ అవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మిగిలిన రోజంతా అది ఏం చెయ్యాలి? సోఫా చింపడం దాని దృష్టిలో అల్లరి కాదు, ఉద్యోగం. మనం పని ఇవ్వకపోతే తనే వెతుక్కుంది.

నా అభిప్రాయం ఇదే. కుక్కకి కావలసింది బొమ్మలు కాదు, పని. ముఖ్యంగా ముక్కుకి పని. ఆ పని ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు, ఇంట్లో ఉన్న పాత సామాను చాలు.

ముక్కు అని ఎందుకంటున్నానంటే, మనం ప్రపంచాన్ని కళ్లతో చూస్తే కుక్క ముక్కుతో చూస్తుంది. వాసన పట్టే కణాలు మన ముక్కులో యాభై అరవై లక్షలుంటే, కుక్క ముక్కులో ఇరవై కోట్లకు పైనే ఉంటాయంటారు. 2019లో షార్లెట్ డ్యూరాంటన్, అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు పెంపుడు కుక్కల మీద ఒక చిన్న ప్రయోగం చేశారు. రెండు వారాల పాటు కొన్ని కుక్కలతో వాసన చూసి తిండి వెతికే ఆట ఆడించారు, కొన్నిటికి యజమాని పక్కనే బుద్ధిగా నడవడం నేర్పించారు. తర్వాత తిండి ఉందో లేదో తెలియని చోట గిన్నె పెట్టి చూస్తే, వాసన ఆట ఆడిన కుక్కలు అంతకుముందు కంటే తొందరగా, ఉంటుందన్న ఆశతో దాని దగ్గరికి వెళ్లాయి. రెండో గుంపులో ఆ మార్పు కనిపించలేదు. అంటే ముక్కుతో వెతుక్కోవడం వాటి కడుపుకే కాదు, మనసుకీ మంచిదన్నమాట.

సరే, మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను.

మొదటి ఆట మాత్రం నా మూర్ఖత్వమే. చిరిగిన సాక్సులో ఖాళీ నీళ్ల బాటిల్ పెట్టి ముడేసి ఇచ్చాను. కరకరలాడుతుంటే ముచ్చటగా ఆడుకుంది. నేను వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి సాక్సులో సగం లేదు. రాత్రి రెండుసార్లు కక్కింది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. అదృష్టం బాగుండి గుడ్డముక్క వాంతిలోనే వచ్చేసింది, పేగుల్లో చిక్కుకుని ఉంటే ఆపరేషన్ దాకా వెళ్లేదన్నారు. ఆ రోజు నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, మింగడానికి వీలయ్యే గుడ్డ, దారం, మూత, రబ్బరు బ్యాండు దాని నోటికి అందకూడదు. రెండు, ఇంట్లో చేసిన ఏ బొమ్మతోనైనా అది ఆడుతున్నంతసేపు మనం అక్కడే ఉండాలి, ఆట అయిపోగానే తీసి పైన పెట్టెయ్యాలి. ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. పాత చెప్పు, పాత సాక్సు బొమ్మలుగా ఇవ్వకూడదు. పాతది కొరకొచ్చు, కొత్తది కొరక్కూడదు అనే తేడా దానికి ఏం తెలుస్తుంది పాపం?

రెండో ఆటకి పొంగనాల పెనం వాడాను. పిడి విరిగి అటక మీద పడి ఉన్న ఏడు గుంతల ఇనప పెనం అది. "వంట పెనం కుక్కకా!" అని అత్తయ్యగారు బుగ్గలు నొక్కుకున్నారు కానీ నేను కడిగి తెచ్చాను. మూడు గుంతల్లో దాని తిండి పలుకులు వేసి, మీద పాప పాత టెన్నిస్ బంతులు పెట్టాను. పక్కపక్క గుంతల్లో బంతులు పట్టవు, ఒకటి విడిచి ఒకటి పెట్టాలి. మొదటి రోజు దానికి అర్థం కాక పెనాన్నే తోసుకుంటూ హాలంతా తిరిగింది. మర్నాటికి ముక్కుతో బంతిని దొర్లించడం నేర్చుకుంది. మూడో రోజుకి ఖాళీ గుంత మీద బంతి పెట్టినా వాసన చూసి దాని జోలికే వెళ్లడం లేదు! బంతి దొర్లించడానికే గానీ నమలడానికి ఇవ్వకండి. దాని పైన ఉండే నూగు పళ్లను అరగదీస్తుంది.

తర్వాత అట్టపెట్టెలు. అందరిళ్లలోలాగే మా ఇంటికీ వారానికి నాలుగు పార్శిళ్లు వస్తాయి. టేపు, పిన్నులు పీకేసి, ఉండలు చుట్టిన న్యూస్‌పేపర్లు నింపి, మధ్యలో నాలుగు పలుకులు వేస్తే పావుగంట దానికి పండగే. అట్ట చింపుతుంది కానీ మింగదు, మింగే కుక్కలైతే ఈ ఆట వద్దు. చింపాలన్న కోరిక తీరిపోతే సోఫా జోలికి రావడం తగ్గింది. పాత తువ్వాలులో చపాతీ ముక్కలు అక్కడక్కడా వేసి చాపలా చుట్టి ఇస్తే దాన్ని విప్పుకోవడం ఇంకో ఆట.

అన్నిటికంటే బాగా కుదిరింది చీర చాప. చిల్లులున్న రబ్బరు డోర్‌మ్యాట్ ఉంటుంది కదా, దాని చిల్లుల్లోంచి జానెడు పొడుగు చీర పేలికలు దూర్చి, ఒక్కోటీ గట్టిగా ముడేస్తే గడ్డి మొలిచినట్టు ఒత్తుగా అవుతుంది. ఆ గడ్డిలో తిండి చల్లితే ముక్కు దూర్చి ఒక్కో పలుకూ ఏరుకోవాలి. నా పాత నేత చీర ఒకటి చింపాను. నేను రెండు వరసలు కట్టి అలిసిపోయి టీ పెట్టుకోవడానికి వెళ్తే, వెనక్కొచ్చేసరికి అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని మూడో వరస కడుతున్నారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు బొంతలు కుట్టిన చెయ్యి. "నువ్వు కట్టిన ముడి లాగితే ఊడొస్తుంది, ఇలా వెయ్యాలి" అని నాకు నేర్పారు. మిరియాన్ని "ఛీ, అవతలికి పో" తప్ప ఇంకో మాట అనని మనిషి, ఆ మధ్యాహ్నం అది తింటుంటే కుర్చీ వేసుకుని చూశారు.

ఎండాకాలంలో చిన్న స్టీలు గిన్నెలో ఉప్పూ పోపూ లేని పెరుగు, క్యారెట్ ముక్కలు కలిపి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే అరగంట నాకుతూ కూర్చుంటుంది. ఆటల్లో ఏం వాడినా ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, అవి కుక్కలకి విషం. మామిడి టెంకలు కూడా వద్దు, పేగుకి అడ్డం పడతాయి. అలాగే ఆటలో వేసిన తిండి రోజూ పెట్టేదాంట్లోంచే తియ్యాలి. అదనంగా వేస్తే నెలకల్లా మిరియం కాస్తా గుమ్మడికాయ అవుతుంది.

బజారులో దొరికే బొమ్మలు తప్పని నేననను. పేరున్న కాంగ్ రబ్బరు బొమ్మ కూడా పాత సామానులోంచి పుట్టిందేనట. అమెరికాలో జో మార్క్‌హమ్ అనే ఆయన కుక్క రాళ్లు కొరికి పళ్లు పాడుచేసుకునేదట. ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తూ పడేసిన రబ్బరు భాగాన్ని అది పట్టుకుని వదల్లేదట. అందులోంచి 1970ల్లో ఆ బొమ్మ తయారైంది. మేమూ అంతకుముందు ఆన్‌లైన్‌లో ఐదారు బొమ్మలు కొన్నాం. అన్నీ రోజంతా నేల మీదే పడుండేవి. రోజూ కళ్లెదుట ఉన్న బొమ్మ వాటికి బొమ్మ కాదు, సామానే. ఇప్పుడు వాటినీ దాచి, వారానికొకటి చొప్పున బయటికి తీస్తున్నాం. కొత్తవి వచ్చినట్టు ఎగురుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇదంతా చదివి "బాగుంది, ఇంట్లో ఉండేది నువ్వేగా, నువ్వు చూసుకో" అని ఇంటి ఇల్లాలి నెత్తిన ఇంకో పని పెట్టకండి. మా ఇంట్లో మొదటి వారం అదే జరిగింది. నేను ఒప్పుకోలేదు. కుక్క కావాలని అందరూ కలిసి తెచ్చుకున్నాం, అందరూ ఆడించాలి. పొద్దున్న పెనం ఆట పాపది. స్కూలు నుంచి వచ్చాక దాగుడుమూతలు కూడా తనదే, తలుపు వెనక దాక్కుని పిలిస్తే మిరియం ఇల్లంతా వాసన చూస్తూ వెతుకుతుంది. మధ్యాహ్నం చాప నాదీ అత్తయ్యగారిదీ. సాయంత్రం నడక మావారిది, ఫోను ఇంట్లో పెట్టి. ఆ నడకలో దాన్ని లాక్కుంటూ పోకుండా ప్రతి స్తంభం దగ్గరా వాసన చూడనివ్వాలన్నది నా షరతు. "ఇలా అయితే వీధి చివరికి వెళ్లడానికి ఇరవై నిమిషాలు పడుతోంది" అన్నారు మొదట్లో. "వీధి చివర్లో మీకేం పనుంది?" అన్నాను.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. కొరియర్ అబ్బాయి వస్తే ఇప్పటికీ మొరుగుతుంది. ఉరుముల రాత్రి మా మంచం కిందే పడుకుంటుంది. పాపకి పరీక్షలప్పుడు మూడు రోజులు ఆటలు ఆగిపోతే నాలుగో రోజు కర్టెను అంచు కొరికింది. కానీ మధ్యాహ్నాలు మొరుగుడు బాగా తగ్గింది. చాప మీద పావుగంట వెతుక్కున్నాక గంటసేపు ఒళ్లెరక్కుండా నిద్రపోతుంది. నేనూ పడుకుంటున్నాను.

ఇంట్లో కుక్క అన్నీ పాడు చేస్తోందని పంపించెయ్యాలనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. తోట ఉన్న ఫ్రెండు అందరికీ ఉండడు. చాలా కుక్కలు చివరికి చేరేది రోడ్డు మీదకే. అలవాటు లేని వీధిలో మన కుక్కని వదిలి రావడమంటే ఏమిటో మనకి తెలుసు. ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒక్క నెల, రోజుకి మూడుసార్లు పావుగంట ఇచ్చి చూడండి. అయినా మారకపోతే డాక్టరుకి చూపించండి, ఒంట్లో బాగోక కూడా కొరకొచ్చు.

మా నెల గడువు ఎప్పుడో దాటిపోయింది. మావారు తోట మాట ఎత్తలేదు, నేను అడగలేదు. మొన్న కింది ఫ్లాట్ ఆవిడ లిఫ్టులో కనిపించి, "ఈ మధ్య మీ కుక్క ఊళ్లో లేదా?" అని అడిగారు. ఉందని చెప్పి, ఏం చేస్తున్నామో చెప్పాను. సాయంత్రానికి రెండు పాత కాటన్ చీరలు మడతపెట్టి పంపించారు. అత్తయ్యగారు రెండో చాప మొదలుపెట్టారు.